ఫ్రేమ్ రేట్ పడితే ముందు చూడాల్సింది గ్రాఫిక్స్ సెట్టింగ్స్ కాదు

గేమ్ మొదలైన ఇరవై నిమిషాల దాకా 90 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 90 ఫ్రేమ్‌లు) నిలకడగా వస్తుంది. ఉన్నట్టుండి 35కి పడిపోతుంది, కాసేపటికి మళ్లీ లేస్తుంది. ఇలాంటప్పుడు గేమింగ్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ఎక్కువమంది గ్రాఫిక్స్ సెట్టింగ్స్ తగ్గిస్తారు, డ్రైవర్ మళ్లీ వేస్తారు, అదీ కుదరకపోతే విండోస్ మొత్తం తుడిచి కొత్తగా ఎక్కిస్తారు. పుండు ఒకచోట ఉంటే మందు ఒకచోట రాసినట్టే. మొదటి ఇరవై నిమిషాలు బాగా నడిచిందంటే ఆ సెట్టింగ్స్‌ను మోసే సత్తా ఆ మెషీన్‌కు ఉంది. మధ్యలో ఏదో దాన్ని వెనక్కి లాగింది. ఏది లాగిందో సెన్సర్ల రీడింగులు క్షణక్షణం నమోదయ్యే లాగ్ ఫైల్ చెబుతుంది.

ఆ రీడింగులు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో (HWiNFO) ప్రోగ్రామ్‌ను సెన్సర్స్ మాత్రమే కనిపించేలా తెరిచి, లాగింగ్ ఆన్ చేసి, అరగంట ఆడాలి. సీపీయూ (ప్రాసెసర్), జీపీయూ (గ్రాఫిక్స్ చిప్)ల టెంపరేచర్, క్లాక్ (నడిచే వేగం), వాట్లు, వీఆర్యామ్ (జీపీయూ సొంత మెమరీ) వాడకం ఉంటే చాలు. ఫ్రేమ్‌లు పడిన క్షణానికి వెళ్లి వీటిలో ఏది ముందు మారిందో చూడాలి. సగటు ఎఫ్‌పీఎస్ ఇక్కడ దేనికీ పనికిరాదు.

సీపీయూ 95 నుంచి 100 డిగ్రీల మధ్యకు చేరి, వెంటనే దాని క్లాక్, వాట్లు రెండూ కిందికి జారితే అది థర్మల్ థ్రాట్లింగ్, అంటే వేడి తట్టుకోలేక చిప్ తన వేగం తానే తగ్గించుకోవడం. చాలా ల్యాప్‌టాప్‌లలో సీపీయూ, జీపీయూ ఒకే హీట్ పైపుల మీద ఆధారపడతాయి. గేమ్‌కు అవసరం లేకపోయినా సీపీయూ టర్బోలో (మామూలు వేగాన్ని మించి) పరుగెడుతూ వేడి పుట్టిస్తుంటే జీపీయూకు చల్లబడే చోటు మిగలదు. అందుకే ముందు ఫ్రేమ్ క్యాప్ (ఎఫ్‌పీఎస్‌కు గరిష్ఠ పరిమితి) పెట్టి చూడమంటాను. 90 దగ్గర ఊగిసలాడే గేమ్‌ను గ్రాఫిక్స్ డ్రైవర్ ప్యానెల్‌లో 75కి కట్టేస్తే సీపీయూ, జీపీయూ రెండింటి మీదా భారం తగ్గుతుంది, ఆట నున్నగా సాగుతుంది. విండోస్ పవర్ ప్లాన్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 99 శాతానికి దించే చిట్కా కూడా ఉంది. చాలా మెషీన్లలో అది టర్బోను ఆపేస్తుంది, పది డిగ్రీలకు పైగా తగ్గినా ఆశ్చర్యం లేదు. కానీ బేస్ క్లాక్ (టర్బో లేనప్పటి వేగం) తక్కువున్న ప్రాసెసర్లలో, సీపీయూ మీద ఆధారపడే గేమ్‌లలో ఫ్రేమ్‌లు ఇంకా పడతాయి. పరీక్షకు బాగుంటుంది, శాశ్వతంగా ఉంచదగ్గది కాదు.

ఆ తర్వాతే ల్యాప్‌టాప్ అడుగు మూత తీయాలి. పైకి కనిపించే దుమ్ము పెద్దగా అడ్డం కాదు. ఫ్యాన్‌కూ హీట్‌సింక్ రేకులకూ మధ్య నూగు చేరి మెత్తటి గుడ్డలా పేరుకుంటుంది, గాలిని ఆపేది అదే. ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని గాలి కొట్టాలి. వదిలేస్తే ఫ్యాన్ అతివేగంగా తిరిగి బేరింగ్ దెబ్బతినొచ్చు. శుభ్రం చేశాక కూడా వేడి తగ్గకపోతే చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ ఎండిందో, చిప్ అంచులకు జరిగిపోయిందో అయ్యుండాలి. మామూలు పేస్ట్ కన్నా పీటీఎమ్ 7950 లాంటి ఫేజ్ ఛేంజ్ ప్యాడ్ (వేడికి మెత్తబడి అతుక్కునే పొర) ల్యాప్‌టాప్‌లకు మేలు, అది అలా తేలిగ్గా జరిగిపోదు. ఫ్యాక్టరీలో లిక్విడ్ మెటల్ వేసిన మోడల్ అయితే సొంతంగా విప్పకపోవడమే మంచిది. అది కరెంటును ప్రసరింపజేస్తుంది, బోర్డు షార్ట్ అవడానికి ఒక్క చుక్క చిందితే చాలు.

టెంపరేచర్ 75 డిగ్రీల దగ్గరే ఉండి జీపీయూ వాట్లు మాత్రం 115 నుంచి 60కి పడితే వేడిని వదిలేసి ఛార్జర్‌ను చూడాలి. 230 వాట్ల అడాప్టర్ కావాల్సిన మెషీన్‌ను 100 వాట్ల టైప్-సీ ఛార్జర్‌తో నడిపిస్తే లోటును బ్యాటరీ పూడుస్తుంది. ఛార్జర్ పెట్టే ఉన్నా ఆడుతున్నంతసేపూ బ్యాటరీ శాతం తగ్గుతుంటే గుర్తు అదే. బ్యాటరీ ఒక స్థాయికి దిగాక ఫర్మ్‌వేర్ (మెషీన్‌లోనే ఉండే నియంత్రణ సాఫ్ట్‌వేర్) పవర్ కోసేస్తుంది, ఆడేవాడికి అది 'హఠాత్తు'గా కనిపిస్తుంది. ఫ్రేమ్‌లు కచ్చితంగా 30 దగ్గర ఆగిపోతే ఛార్జర్ పిన్ వదులై, బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఫ్రేమ్‌లను కట్టేసే బ్యాటరీ బూస్ట్ లాంటి పరిమితి పడిందేమో చూడాలి.

క్లాక్‌లు, వాట్లు మారకుండా క్షణకాలం ఆగి సాగితే కథ వేరు. కొత్త ప్రదేశంలోకి వెళ్లినప్పుడే ఆగి, రెండోసారి అక్కడికెళ్తే ఆగకపోతే అది షేడర్ కంపైలేషన్, అంటే ఆ దృశ్యాన్ని గీసే చిన్న ప్రోగ్రామ్‌లను గేమ్ అప్పటికప్పుడు జీపీయూ కోసం సిద్ధం చేసుకోవడం. వీఆర్యామ్ అంచుదాకా నిండిపోతే టెక్స్చర్ క్వాలిటీని ఒక మెట్టు దించాలి. గ్రాఫిక్స్ మెనూ నిజంగా అక్కరకొచ్చేది ఎక్కువగా ఇక్కడే.

చల్లగానే ఉన్నా సీపీయూ 800 మెగాహెర్ట్జ్ కిందకు పడి అక్కడే ఉండిపోతే బోర్డులోని వేరే భాగం బీడీ ప్రోచాట్ (BD PROCHOT) సిగ్నల్, అంటే వేగం తగ్గించమని సీపీయూకు ఇచ్చే హెచ్చరిక, పంపుతోందని అనుమానించాలి. ముందు అదే వాట్లున్న ఇంకో అడాప్టర్‌తో పరీక్షించాలి. థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రామ్‌లో బీడీ ప్రోచాట్ పక్కనున్న టిక్ తీసేస్తే వేగం వెంటనే తిరిగొస్తుంది. కానీ సిగ్నల్ ఇచ్చింది నిజంగా కాగిపోతున్న వీఆర్‌ఎమ్ (చిప్‌లకు కరెంటు సర్దే భాగం) అయితే, ఆ టిక్ తీయడం మదర్‌బోర్డుకే ఎసరు పెట్టడం. అడాప్టర్ మార్చినా పోకపోతే సర్వీస్ సెంటర్‌కే ఇవ్వాలి.