ఆ పలక చదివేదెవరు?

హైవే మీద పెట్రోలు ట్యాంకర్ వెనకాల బండి నడిపినవారికి ఆ పలక కనిపించే ఉంటుంది. 3వైఈ అని ఒక గుర్తు, 1203 అని ఒక అంకె, పక్కన మంట బొమ్మ. 1203 అంటే పెట్రోలు. ఐక్యరాజ్యసమితి జాబితా ఇచ్చిన నంబరు. ముందున్న 3కు అర్థం, మంట లేస్తే నురుగుతో ఆర్పాలని. చివరి ‘ఈ’ అక్షరం చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే సంగతి చూడమంటుంది. అగ్నిమాపక సిబ్బందికి ఇదంతా తెలుసు. కానీ ట్యాంకర్ బోల్తా పడితే ముందు చేరేది వాళ్లు కాదు. పక్క చేలో రైతు, టీకొట్టు కుర్రాడు, ఆ వెనకే బిందెలు, క్యాన్లు పట్టుకుని ఊరి జనం. పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ దగ్గర 2017 జూన్ 25న అలా పెట్రోలు పట్టుకోవడానికి వెళ్లి 200 మందికి పైగా బూడిదయ్యారు. అక్కడి జనానికి పేదరికమే కాదు, ప్రమాదం సంగతి చెప్పేవాడు లేకపోవడమూ శాపమైంది.

గ్యాస్ మరీ మోసకారి. 2024 డిసెంబరు 20 తెల్లవారుజామున జైపూర్-అజ్మీర్ రహదారిపై భాంక్రోటా దగ్గర యూటర్న్ తీసుకుంటున్న ఎల్పీజీ ట్యాంకర్‌ను లారీ గుద్దింది. వాల్వులు విరిగి గ్యాస్ చిమ్మింది. ద్రవంగా ఉన్న ఒక లీటరు ఎల్పీజీ బయటికొస్తే దాదాపు 250 లీటర్ల ఆవిరి అవుతుంది. గాలి కంటే బరువు కనుక పైకి పోదు, నేలబారుగా పాకుతుంది, తెల్లగా కనిపిస్తుంది. డిసెంబరు వేకువన అది పొగమంచో గ్యాసో డ్రైవర్లకు తెలిసే వీలేది? ముప్పైకి పైగా వాహనాలు తగలబడ్డాయి. పది మందికి పైగా ప్రాణాలు పోయాయి. కేరళలో కన్నూరు దగ్గర చాలాలో 2012 ఆగస్టులో జరిగిందీ ఈ బాపతే. అప్పుడు పోయినవారు 20 మంది.

చట్టం లేదనడానికి లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 129 నుంచి 137 వరకు ఉన్నదంతా ఈ గొడవే. వాటిలో 131వది ఒక్కసారి చదవాలి. సరుకు పంపే కంపెనీయే బండి రిజిస్ట్రేషన్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. ప్రథమ చికిత్స సామగ్రి, రక్షణ పరికరాలు, విరుగుడు మందులు బండిలో ఉండేలా చూడాలి. సరుకు గుణం రవాణాదారుకు పూర్తిగా చెప్పాలి. డ్రైవర్‌కు శిక్షణ ఉందని నిర్ధారించుకోవాలి. అంటే ట్యాంకర్ గేటు దాటకముందే బాధ్యత మొదలవుతుంది. ఇక్కడే మా అభ్యంతరం. ప్రమాదం జరిగాక కేసు డ్రైవర్ మీద పడినంత సులువుగా ఆ గేటు లోపలి వారి మీద పడదు. డ్రైవర్ బతికుంటే పరారీలో ఉన్నాడంటారు. చనిపోతే నిర్లక్ష్యం అంతా అతనిదే అవుతుంది, ఫైలు మూతపడుతుంది.

స్పెయిన్‌లో 1978 జులై 11న లాస్ అల్ఫాకెస్ అనే విడిది శిబిరం పక్కన ప్రొపిలీన్ ట్యాంకర్ పేలి 200 మందికి పైగా చనిపోయారు. మోయాల్సినదాని కంటే ఎక్కువ నింపి పంపారని తేలింది. డ్రైవరూ ఆ మంటల్లోనే పోయాడు. అయినా అక్కడి కోర్టు అంతటితో వదల్లేదు; సరుకు నింపిన సంస్థ ఉద్యోగులనూ, రవాణా కంపెనీవారినీ బోనెక్కించి దోషులుగా తేల్చింది.

మన దగ్గర 2019 సవరణ తర్వాత ప్రమాదకర సరుకు నిబంధన మీరితే మొదటి తప్పుకు జరిమానా 10,000 రూపాయలు. పన్నెండు వేల లీటర్ల ట్యాంకర్‌లో పెట్రోలు విలువే పన్నెండు లక్షలు దాటుతుంది. ఆ లెక్కన జరిమానా ఎవరికి భయం? అదే సవరణ ఇంకో పని కూడా చేసింది. ఇలాంటి సరుకు తోలే డ్రైవర్లు అంతకుముందు ఏటా లైసెన్సు పునరుద్ధరించుకోవాలి, అందుకు ఒకరోజు రిఫ్రెషర్ తప్పనిసరి. ఆ గడువును మూడేళ్లకు పెంచారు. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది, మంచిదే. గుర్తు చేసే సందర్భమూ తగ్గింది.

ఎంత వదులున్నా చమురు ట్యాంకర్లకు కనీసం పలక ఉంటుంది. కడప జిల్లా మామిళ్లపల్లెలో 2021 మే 8న ముగ్గురాయి గనికి తెచ్చిన జిలెటిన్ స్టిక్స్ దించుతుండగా పేలి పది మంది కూలీలు ఛిద్రమయ్యారు. 2024 దీపావళి రోజున ఏలూరులో స్కూటర్ మీద తీసుకెళ్తున్న ఉల్లిపాయ బాంబులు రోడ్డు గుంతలో కుదుపుకు పేలి ఒకరు చనిపోయారు. పేలుడు పదార్థాలకు నాగపూర్‌లోని పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి ఇస్తుంది, బండిని రవాణా శాఖ చూస్తుంది, రోడ్డును పోలీసు చూస్తాడు. ముగ్గురూ చూసే సరుకు చివరికి ఎవరి కంటా పడకుండా ఊరు దాటుతుంది.

భయం పుడితే మాత్రం మన యంత్రాంగానికి కాళ్లొస్తాయి. 2020 ఆగస్టు 4న లెబనాన్ రాజధాని బీరుట్ రేవులో ఏళ్లుగా నిల్వ ఉన్న అమ్మోనియం నైట్రేట్ పేలింది. చెన్నై దగ్గర గోదాములో 2015 నుంచి కదలకుండా పడున్న 697 టన్నుల అమ్మోనియం నైట్రేట్ వారం తిరక్కుండానే కంటైనర్లెక్కి హైదరాబాద్ దారి పట్టింది. అయిదేళ్లు ఎవరికీ తోచని పని అయిదు రోజుల్లో మొదలైంది.

కాబట్టి కొత్త చట్టం అడగడం లేదు. తనిఖీని హైవే మీద కాదు, సరుకు నింపే గేటు దగ్గర పెట్టమంటున్నాం. అక్కడ దిద్దుకోకుండా వదిలిన ప్రతి బండికీ ప్రమాదం జరిగితే 131వ నిబంధన కింద పంపినవారి పేరు ఎఫ్ఐఆర్‌లో ఉండాలి. ఇక ఆ పలక. విశాఖలో నింపిన ట్యాంకర్ ఒడిశాకూ వెళ్తుంది, ఛత్తీస్‌గఢ్‌కూ వెళ్తుంది, అన్ని భాషల్లో ఎలా రాస్తామని అధికారులు అడగొచ్చు. బయల్దేరే రాష్ట్రం భాష, చేరే రాష్ట్రం భాష, రెండు చాలు. ‘కారుతుంటే దగ్గరికి రావద్దు, అగ్గిపుల్ల గీయొద్దు, సెల్‌ఫోన్ తీయొద్దు’ అని అరచేయంత అక్షరాల్లో. దీనికి పార్లమెంటు కూడా కూర్చోనక్కర్లేదు, కేంద్ర రవాణా శాఖ నోటిఫికేషన్ ఒక్కటి ఇస్తే సరిపోతుంది.