ఏ ప్రెస్సు బాబూ నీది?

ఇందాక మా గేటుకి అడ్డంగా బండి పెట్టి ఒకాయన మాయమైపోయాడు. నంబర్ ప్లేటు మీద నంబరు కంటే పెద్దగా ఎర్ర రంగులో ‘ప్రెస్’. అరగంటకి తాపీగా టీ తాగొచ్చి, బండి తీయండి బాబూ అంటే "ప్రెస్ అండీ" అన్నాడు. ఏ పేపరు అంటే పేపరు కాదంట, వాళ్ల బావమరిదికి పెళ్లికార్డులు అచ్చేసే ప్రెస్సుందంట!

ఆ మాటకొస్తే అసలు ప్రెస్సు ఆ బావమరిదిదే. 15వ శతాబ్దంలో జర్మనీలో గూటెన్‌బర్గ్, ద్రాక్షపళ్లు పిండే మర లాంటి దాంతో సిరా పూసిన అక్షరాల మీద కాగితాన్ని అదిమాడు. ఆ అదిమే మర పేరే పత్రికలకీ, ఆనక విలేకరులకీ అంటుకుంది. ఇప్పుడు సిరా లేదు, మర లేదు, సెల్‌ఫోన్‌కి మైకు తగిలించిన ప్రతివాడూ ప్రెస్సే.

పోనీ నొక్కడమే లెక్కంటే మా వీధి చివర ఇస్త్రీ బండాయన అంటించుకోవాలి ఆ స్టిక్కరు. బొగ్గుల పెట్టె నొక్కీ నొక్కీ ఆయన కుడి భుజం ఒక పక్కకి వాలిపోయింది, అయినా రోడ్డుకి అడ్డమని ముందు లేపేది ఆయన్నే. జిమ్ముకెళ్లి బెంచ్ ప్రెస్ చేసే మా పక్కింటి కుర్రాడిక్కూడా అర్హత ఉంది మరి! వెనక కూర్చున్న మా ఆవిడకి హెల్మెట్ లేదని చలానా రాసిన చౌరస్తాలోనే, ఈ స్టిక్కరున్న బండి మీద ముగ్గురు దర్జాగా పోతారు. ఏ చట్టంలో ఉందండీ ఈ స్టిక్కరుకి మినహాయింపు? సమాచార శాఖ విలేకరులకిచ్చే గుర్తింపు కార్డు, అదే అక్రెడిటేషన్ కార్డున్నా సరే, పరాయి గేటు ముందు బండి పెట్టుకోమని దాని మీద రాసుండదు.

అసలు నా మంట ఈ బండి మీద కాదు లెండి. ఆమధ్య మా కాలనీ మంచినీళ్లలో మురుగు కలుస్తోందని ఒక విలేకరిని పిలిచాం. వచ్చాడు, సీసాలో పచ్చగా ఉన్న నీళ్లు ఫోటో తీసుకున్నాడు, చెప్పులేసుకుంటూ "దసరాకి కాలనీ తరఫున ఓ యాడ్ ఇప్పించండి సార్" అన్నాడు. మేం ఇవ్వలేదు, వార్తా రాలేదు. అదే పేపర్లో మా కార్పొరేటర్ పుట్టినరోజు మాత్రం రంగుల్లో అరపేజీ. పాపం అతన్నని ఏం లాభం, జీతం ఇవ్వకుండా మెళ్లో ఐడీ కార్డు వేసి, యాడ్ల టార్గెట్ నెత్తిన పెట్టి ఊరి మీదకి వదిలిన యాజమాన్యాలననాలి.

పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్‌కి రాయమని సలహా ఇవ్వకండి దయచేసి. 1966లో పెట్టారు దాన్ని, హెచ్చరించడం, మందలించడం తప్ప రూపాయి జరిమానా వేసే అధికారం లేదు. మందలిస్తే సిగ్గుపడే యాజమాన్యమైతే మురుగునీళ్ల వార్తకి యాడ్ అడిగిస్తుందా?