హాత్‌చా ఒకటి, మాయమైన పది

మహారాష్ట్ర సరిహద్దు ఊరు ధర్మాబాద్‌లో మా ఇంట్లో పోయిన మంగళవారం రాత్రి పది మామిడిపళ్ళు మాయమయ్యాయి. పోలీసు స్టేషన్‌కు పోలేదు. పోతే ముందు పళ్ళు ఎక్కడివని అడుగుతారు, రెండో తరగతి గణితం పుస్తకంలోవని చెప్పాల్సి వస్తుంది. అందుకని దర్యాప్తు నేనే చేపట్టాను. మిర్చి అడ్తి దుకాణంలో ముప్పై ఏళ్ళు చిట్టా రాసి ఇంట్లో కూర్చున్నవాడికి ఇంతకన్నా గట్టి పని దొరకదు. ఇది ఆ దర్యాప్తు నివేదిక. చదివినవారు సంతకం పెట్టనక్కర్లేదు.

కేసు వివరాలు ఇవి. ఒక బుట్టలో 47 మామిడిపళ్ళు, ఇంకో బుట్టలో 38. "ఏకూణ్ ఆంబే కితీ?" మొత్తం పళ్ళు ఎన్ని అని ప్రశ్న. మా మనవడిది మరాఠీ మీడియం. ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ, సెల్‌ఫోన్లో హిందీ. మూడు భాషల్లోనూ పెద్దల్ని లెక్కచెయ్యడు. బళ్ళోంచి వస్తూనే "తాతా, బాయి ఐదు ఉదాహరణలు ఇచ్చింది" అన్నాడు. బాయి అంటే వాళ్ళ పంతులమ్మ. నిజామాబాద్ నుంచి వచ్చి ఉన్న మా బావమరిది "దేనికి ఉదాహరణలురా?" అని పావుగంట అడిగాడు. మరాఠీలో లెక్కనే ఉదాహరణ్ అంటారు, కథ చెప్పి అడిగితే శాబ్దిక్ ఉదాహరణ్ అంటారు. గోదావరి దాటగానే లెక్క కాస్తా ఉదాహరణ అయిపోయిందని ఆయనకు చాలా బాధ కలిగింది.

కథ సంగతి నేను పెద్దగా పట్టించుకోను. 47 పళ్ళు లెక్కపెట్టి బుట్టలో వేసుకునే మనిషిని నేను మా బజార్లో చూడలేదు, కిలోలకో డజన్లకో అమ్ముతారు. ఆ బుట్టలో ఒక్క పండైనా కుళ్ళదు. బేరం ఉండదు. ఆ 85 పళ్ళు ఏం చేసుకుంటారో అడిగే నాథుడూ ఉండడు. పోనీండి, పుస్తకంలో పళ్ళు కదా.

వాడు లెక్క వేస్తుంటే పక్కనే కూర్చున్నాను. కూడికలో పక్క వరుసకు మోసుకెళ్ళే అంకెను వాళ్ళ బళ్ళో హాత్‌చా అంటారు.

"ఏడు, ఎనిమిది ఎంతరా?"

"పదిహేను."

"ఐదు కింద ఎయ్యి. ఒకటి?"

"హాత్‌చా."

"యాడున్నది?"

"చేతుల ఉన్నది" అని అరచెయ్యి చూపించాడు. నిజంగానే ఉంది. నీలం పెన్నుతో బొటనవేలి కింద ఒకటి అంకె గీసుకున్నాడు. ఈలోగా వాళ్ళ అవ్వ అన్నానికి పిలిచింది. వెళ్ళాడు, చేతులు కడిగాడు, పప్పన్నం తిన్నాడు, వచ్చి కూర్చున్నాడు. నాలుగూ మూడూ ఏడు అన్నాడు. 75 అని రాశాడు. కింద రెండు గీతలు కూడా గీశాడు, అంత నమ్మకం.

కాబట్టి పది మామిడిపళ్ళు మా ఇంటి మోరీలో కొట్టుకుపోయాయి. ఎవరూ తినలేదు. ఈ విషయంలో మా ఆవిడను అనుమానించినందుకు ఈ నివేదికలోనే క్షమాపణ నమోదు చేస్తున్నాను.

అయితే అసలు దోషి ఎవరు? మనవడు కాదని నా అభిప్రాయం. హాత్‌చా అంటే చేతిలోది. చేతిలో పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాడు. ఒకటి అన్నారు, ఒకటే అనుకున్నాడు. ఒక్కటే కదా పోతే పోయింది అని కడిగేశాడు. అది పది అని ఎవరైనా చెప్పారా? పదిహేనులోంచి ఐదు కింద వేస్తే మిగిలేది పది. ఆ పదిని మనం బడిలో తరతరాలుగా "ఒకటి" అని పిలుస్తున్నాం. నేను చిట్టా రాసేటప్పుడు పేజీ అడుగున వచ్చిన మొత్తాన్ని తర్వాతి పేజీ నెత్తిన రాసేవాణ్ణి. లక్షా పదివేలు వస్తే, పేజీ తిప్పి "ఒకటి" అని రాస్తే సేఠ్‌జీ నన్ను ముప్పై ఏళ్ళు ఉంచేవాడా? మూడు నిమిషాలు ఉంచేవాడు కాదు. ఏడేళ్ళ పిల్లల దగ్గర మాత్రం ఈ గోల్‌మాల్ పద్ధతిగా, వరుసగా, ఎర్ర సిరాతో సాగుతోంది.

బుధవారం నేను కఠినమైన ఉత్తర్వు జారీచేశాను. ఇకమీదట ఏదీ చేతిలో పెట్టుకోరాదు, వచ్చినదంతా కాగితం మీదే రాయాలి. వాడు విన్నాడు. ఏడూ ఎనిమిదీ పదిహేను, మొత్తం రాశాడు. నాలుగూ మూడూ ఏడు, దాని పక్కన రాశాడు. 715 వచ్చాయి. మంగళవారం పది పళ్ళు పోగొట్టినవాడు బుధవారం 630 పళ్ళు సంపాదించాడు. మా బావమరిది వాణ్ణి ఏదైనా రాజకీయ పార్టీలో చేర్పించమన్నాడు. నేను మాత్రం వంటింట్లోకి పోయి కొత్త చీపురు విప్పాను.

చీపురుపుల్లల పద్ధతి ఈ లోకంలో ఉన్న మంచి పద్ధతుల్లో ఒకటి. కానీ దాని ఖర్చు పాఠ్యపుస్తకాల్లో రాయరు. 47 పుల్లలంటే రబ్బరుబ్యాండు వేసిన నాలుగు కట్టలు, ఏడు విడి పుల్లలు. 38 అంటే మూడు కట్టలు, ఎనిమిది విడివి. విడివన్నీ ఒకచోట పోస్తే పదిహేను. అందులోంచి పది లాగి కట్టకట్టి, కట్టల పక్కకు నెట్టాలి. అంతే, హాత్‌చా అంటే ఆ కొత్త కట్ట. మనవడు రబ్బరుబ్యాండు రెండుసార్లు తిప్పి, కట్టను పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇది ఒకటా, పదా?" అన్నాడు. కట్టలైతే ఒకటి, పుల్లలైతే పది అన్నాను. "మరి పుస్తకంల గట్లెందుకు రాయలే?" అన్నాడు. ఈ ప్రశ్నకు జవాబు ఇచ్చే అధికారం నాకు లేదు. అప్పటికే మా ఆవిడ చీపురు కోసం వెతుకుతోంది, నాకు టెన్షన్‌గా ఉంది.

ఇక భాష. మరాఠీలో నలభై ఏడును సత్తేచాళీస్ అంటారు, ఏడు ముందు, నలభై తర్వాత. చెవికి ఏడు ముందు తగిలితే పిల్లవాడు 74 రాస్తాడు. యాభై తొమ్మిదిని ఏకోణ్‌సాఠ్ అంటారు, అంటే అరవైకి ఒకటి తక్కువ. అంకె రాయాలంటే ముందు తీసివేత చెయ్యాలన్నమాట. 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి ఈ బాధ తగ్గిద్దామని రెండో తరగతి పుస్తకంలో ఇరవై దాటిన అంకెల్ని పదులు ముందు, ఒకట్లు తర్వాత పలికేట్టు మార్చింది. ఇంగ్లీషులోనూ దక్షిణాది భాషల్లోనూ ఇలాగే అంటారని, పిల్లలకు సులువని, గణితం కమిటీ పెద్ద మంగళా నార్లీకర్ గారు చెప్పారు. దక్షిణాది అంటే మనమే! ధర్మాబాద్ తెలుగువాళ్ళం ఆ వారం కాస్త ఛాతీ విరుచుకుని తిరిగాం. అసెంబ్లీలో గొడవ లేచింది. అప్పటి ముఖ్యమంత్రి ఫడణవీస్ గారి పేరు చివర వీస్ ఉంది, మరాఠీలో వీస్ అంటే ఇరవై, ఇక ఆయన్ని ఫడణ్ రెండు సున్నా అనాలా అని ప్రతిపక్షం అడిగింది. పిల్లలు లెక్క ఎందుకు తప్పుతున్నారన్నది ఆ సందట్లో ఎవరి చేతిలో ఉండిపోయిందో తెలీదు. వాళ్ళు కూడా చేతులు కడుక్కుని ఉంటారు.

గురువారం సాయంత్రం వాళ్ళ అవ్వ కిరాణా కొట్టు ముందు కూర్చుంది, పక్కన మనవడు. ఒకావిడ వచ్చి 47 రూపాయల బెల్లం, 38 రూపాయల పప్పు తీసుకుని వంద నోటు ఇచ్చింది. వాడు పైకి చూసి పెదాలు కదిపాడు. "నలభై ఏడుకు మూడేస్తే యాభై. ముప్పై ఎనిమిదిల మూడు పాయె, ముప్పై ఐదు. ఎనభై ఐదు. అవ్వా, పదిహేను వాపస్ ఇయ్యి." నేను గళ్ళ పుస్తకం తెచ్చి అవే అంకెలు ఒకదాని కింద ఒకటి రాసి ముందు పెట్టాను. మళ్ళీ అరచెయ్యి తిప్పి పెన్ను కోసం చూశాడు.

ఇది మా ఇంటి జాడ్యమే అనుకున్నాను. కాదట. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఇంకొందరు కలిసి కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లల్ని పరీక్షించి 2025లో నేచర్ పత్రికలో వేశారు. బేరంలో చకచకా లెక్క చెప్పే పిల్లలు బడి పద్ధతిలో అడిగితే తడబడ్డారు, బడి లెక్క వచ్చిన పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. నోబెల్ వచ్చినవాళ్ళు ఇద్దరు కలిసి కనుక్కున్నది మా ఆవిడ కొట్టు ముందు రోజూ జరుగుతోంది, ఆమెకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఉన్న చీపురు కూడా పోయింది.

శాబ్దిక్ ఉదాహరణ్‌లలో ఇంకో మోసం ఉంది, దాన్ని పిల్లలే ముందు పట్టేశారు. కథ చదవక్కర్లేదు. చివర ఏకూణ్ కనిపిస్తే కూడు, మిగిలినవి ఎన్ని అంటే తీసెయ్యి. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ ఊళ్ళో 1980 ప్రాంతంలో పిల్లల్ని ఒక ప్రశ్న అడిగారు. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? 97 మందిలో 76 మంది ఆ అంకెల్నే అటూ ఇటూ చేసి జవాబు చెప్పారు. నేను మనవణ్ణి అడిగాను. "ముప్పై ఆరు" అన్నాడు. ఎట్లారా అంటే, "అంకెలు ఇచ్చిండ్రు కదా, ఊకెనే ఇస్తరా?" అన్నాడు. పెద్దవాళ్ళ మీద వాడికి అంత గౌరవం ఉందని నాకప్పుడే తెలిసింది.

నా సిఫార్సు ఏమిటంటే, మా తాలూకా పిల్లలకు బుట్టలు, మామిడిపళ్ళు మాన్పించి బాబ్లీ లెక్కలు పెట్టాలి. గోదావరి మీద బాబ్లీ బ్యారేజీ మా తాలూకాలోనే ఉంది. 2.74 టీఎంసీల నీళ్ళు పడతాయి. దాని మీద మహారాష్ట్ర, అప్పటి ఆంధ్రప్రదేశ్ రెండూ సుప్రీంకోర్టుదాకా పోయాయి. 2010 జూలైలో చంద్రబాబు నాయుడు గారు తన ఎమ్మెల్యేలతో దాన్ని చూడటానికి బయల్దేరి అరెస్టై, మా ఊరి ఐటీఐలో ఉండాల్సివచ్చింది. ఎందరొచ్చారు, ఎందరికి భోజనాలు అన్నది అప్పట్లో మంచి కూడిక. 2013 ఫిబ్రవరి 28న తీర్పు వచ్చింది. జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తే ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. హాత్‌చా అంటే ఇదే కదా! ఒక గదిలో పట్టనిది పక్క గదికి పోవాలి, పోకపోతే కోర్టు. పైగా పేరులో మోసం కూడా అదే. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. పేపర్లో "పాయింట్ ఆరు" అని చదివి అంతేనా అనుకుంటాం, అరవై కోట్ల ఘనపుటడుగుల నీళ్ళవి.

ఇదంతా మ్యాపు పరిచి మనవడికి చెప్పాను. 1956 నవంబరు 1న ముధోల్, భైంసా, కుభీర్ మా నాందేడ్ జిల్లాలోంచి అటు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయని, ఆదిలాబాద్‌లోంచి కిన్వట్, రాజురా ఇటు వచ్చాయని, అటు పోయినవి హాత్‌చా అని, మనం కింద రాసిన అంకె అని కూడా చెప్పాను. మా బావమరిది కళ్ళు తుడుచుకున్నాడు. మనవడు మ్యాపు మీద వేలు పెట్టి, "తాతా, హాత్‌చా ఎడమ దిక్కు పోతది. గోదారి కుడి దిక్కు పోతున్నది" అన్నాడు.

మ్యాపు తలకిందులుగా పట్టుకోమన్నాను.

శుక్రవారం బళ్ళో సొంతంగా ఒక శాబ్దిక్ ఉదాహరణ్ తయారుచేసుకు రమ్మన్నారట. వాడు ఎవరికీ చూపించకుండా రాసుకుపోయాడు. సాయంత్రం సంచీలోంచి నేనే తీసి చూశాను. మరాఠీలో, గుండ్రటి అక్షరాలతో ఉంది: "తాత 47 సార్లు చెప్పాడు. అవ్వ 38 సార్లు చెప్పింది. నాకు ఏకూణ్ ఎంత అర్థమైంది?"

కింద వాడే జవాబు రాసుకున్నాడు, 85. ఈసారి చిన్న ఒకటి అంకెను చేతి మీద కాకుండా నాలుగు నెత్తిన పెట్టాడు. బాయిగారు పక్కన ఎర్ర సిరాతో టిక్కు కొట్టారు.