నడుముకు కరెంటు కనెక్షన్

నెల్లూరులో నడుములకు కరెంటు కనెక్షన్లు జోరుగా ఇస్తున్నారు. దరఖాస్తుతో పనిలేదు. మూడు నెలలు దాటిన నొప్పి, ఒక ఎమ్మారై ఫిలిం ఉంటే చాలు. పొగతోటలో స్కాన్ తీయించుకుని, ఆ పెద్ద కవరు చంకలో పెట్టుకుని ఏ సందు తిరిగినా ఒక ఫిజియోథెరపీ సెంటరు తగులుతుంది.

అక్కడ ఫిలింను వెలుతురుకు ఎత్తి "డిస్కు అరిగిపోయిందమ్మా" అంటారు. అరగక ఏం చేస్తుంది? నొప్పే లేని 3,110 మంది స్కాన్ల మీద 2015లో వచ్చిన సమీక్ష చూడండి. 50 ఏళ్ల వాళ్లలో 80 శాతం మందికి డిస్కులు అరిగే ఉన్నాయి. 20 ఏళ్ల వాళ్లలోనే 37 శాతం! అయినా హాయిగా తిరుగుతున్నారు, ఫిలిం ఎత్తి భయపెట్టినవాడు లేక.

ఇక అసలు ఘట్టం. పచ్చ పరదా, ఇనుప మంచం. బోర్లా పడుకోబెట్టి, ప్యాడ్లు అంటించి కుర్రాడు మీట తిప్పుతాడు.

"చీమలు పాకినట్టుందా అమ్మా?"

"ఉంది నాయనా."

"పెంచేదా?"

"నీ ఇష్టం."

వైద్య సంప్రదింపులు సమాప్తం. కుర్రాడు ఫోన్లోకి వెళ్లిపోతాడు. పక్క పరదాలోంచి ఉలవపాడు పెద్దాయన పరామర్శ: "నాకు నాలుగో నంబరు మీద పెట్టుండారు, నీకెంతమ్మా?" ఆరు అని జవాబు. పెద్దాయనకు కడుపు మండింది. అదే ఫీజుకి రెండు నంబర్లు తక్కువా? కుర్రాణ్ణి పిలిచి పంచాయితీ పెట్టాడు. తీర్పు వచ్చేలోపే మిషను కుయ్‌మంది. పది రోజుల కోర్సులో ఇది తొలి రోజు.

దీర్ఘకాలిక నడుము నొప్పికి బెల్టులు, నడుమును లాగిపట్టే ట్రాక్షన్, అల్ట్రాసౌండ్ చికిత్స, ప్యాడ్లంటించి పెట్టే ఈ టెన్స్ కరెంటు మామూలు వైద్యంలో భాగంగా ఇవ్వొద్దని జెనీవాలోని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులోనే చెప్పింది. జెనీవా ఉత్తరం మా సందుకి ఇంకా చేరలేదు. పోస్ట్‌మ్యాన్‌కీ నడుము నొప్పేమో.

వెళ్లేటప్పుడు ఉచిత సలహా: వంగొద్దు, కింద కూర్చోవద్దు, బరువెత్తొద్దు. ఎవరికి? కోవూరు మడిలో నాట్లేసే మనిషికి! మరి నారు నాటేదెవరు, మీ బెల్టా? ఆమె కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో అడిగారా? ఇంట్లో అప్పుల సంగతి అడిగారా? నిద్రలేమి, దిగులు, భయం నొప్పిని పెంచుతాయి. మొదటి దెబ్బ మానిపోయినా నరాల వ్యవస్థ కేకలు ఆపకపోవచ్చు. అలాగని ఆ నొప్పి అబద్ధం కాదు. "అంతా నీ మనసులోనే" అని పంపేవాడు ఇంకో రకం దుర్మార్గుడు. మెల్లగా నడిపించి, వంగడానికి భయం పోగొట్టి, వారం వారం కొంచెం కొంచెం బరువు పెంచుకుంటూ పోతే మళ్లీ మడిలో దిగగలిగే మనిషిని బెల్టు బిగించి గడపలో కూర్చోబెట్టారు. కూలి పోయింది. ఒంట్లో సత్తువ పోయింది. నొప్పి మాత్రం పోలేదు. ఎవడిచ్చాడయ్యా మీకీ హక్కు?

పద్ధతి తెలిసిన ఫిజియోలూ ఉన్నారు. పాపం, ఎదురుగా కూర్చోబెట్టుకుని కష్టసుఖాలు అడుగుతారు, నాలుగు కసరత్తులు దగ్గరుండి చేయిస్తారు. జనం బయటికొచ్చి మెట్లు దిగుతూ అనే మాట: "ఏందబ్బా ఈయన, ఇంత ఫీజు తీసుకుని కరెంటు కూడా పెట్టలా!"