ఐటీవీ డిజిటల్ అనే ధర్మసత్రం గురించి నాలుగు మంచి మాటలు

టీవీ వ్యాపారాల చరిత్ర రాసేవాళ్ళు ఐటీవీ డిజిటల్ పేరు రాగానే "ఘోర వైఫల్యం" అని ఒక ముక్క పడేసి పక్కకి తప్పుకుంటారు, ఇది చాలా అన్యాయం అండీ. 1998 నవంబర్‌లో ఆన్‌డిజిటల్ పేరుతో పుట్టి 2002 మే 1న కన్నుమూసిన ఈ బ్రిటన్ పే టీవీని (అంటే నెలనెలా చందా కట్టి చూసే టీవీ) అసలు వ్యాపారం లెక్కన చూడటమే తప్పు. అది ధర్మసత్రం. కాకపోతే పొరపాటున కంపెనీ అని రిజిస్టర్ చేయించారు.

దానం పుట్టకముందే మొదలైంది. కార్ల్‌టన్, గ్రనడా అని ఐటీవీ (బ్రిటన్‌లో ప్రకటనల మీద నడిచే చానెల్) నడిపే రెండు పెద్ద కంపెనీలు, వీళ్ళతో పాటు మీడియా అధిపతి మర్డోక్ గారి శాటిలైట్ టీవీ కంపెనీ బీస్కైబీ (జనం నోట స్కై), ముగ్గురూ కలిసి ఇంటి మీదున్న మామూలు యాంటెన్నాకే డిజిటల్ పే చానెళ్ళు ఇద్దాం అని లైసెన్సుకి వెళ్ళారు. 1997లో నియంత్రణ సంస్థ వాళ్ళు, బీస్కైబీ ఉంటే ఇంక పోటీ ఏముంటుంది, నువ్వు బయటికి నడువు అన్నారు. ముగ్గురిలో పే టీవీ నడపడం వచ్చినవాడు వాడొక్కడే, సరిగ్గా వాడినే పంపేశారు. వాడు ఊరుకుంటాడా, వీళ్ళకంటే నెలన్నర ముందే శాటిలైట్ మీద సొంత డిజిటల్ సర్వీసు పెట్టేశాడు. ఇంకో సంగతి, కొత్త సినిమాలు, పెద్ద మ్యాచులు చూపించాలంటే వీళ్ళకి చాలావరకు దిక్కు ఆ స్కై చానెళ్ళే, అందుకని పోటీదారుడికే డబ్బులు కట్టి వాడి చానెళ్ళు వీళ్ళ సెట్‌టాప్ బాక్సులో అమ్మిపెట్టేవాళ్ళు. ఇంతకన్నా ఉదారం ఎక్కడ చూస్తాం?

ఇక సిగ్నల్. అప్పటికి పాత అనలాగ్ ప్రసారాలు ఇంకా నడుస్తున్నాయి, వాటికి అడ్డు రాకూడదని డిజిటల్ పవర్ బాగా తక్కువగా ఉంచారు, చాలా ఇళ్ళ యాంటెన్నాలు దీనికి పనికి రాలేదు. పనికొచ్చిన ఇళ్ళలో కూడా సరిగ్గా ఫ్రీకిక్ కొట్టే టైముకి వంటింట్లో ఫ్రిజ్ ఆన్ అయ్యిందనుకోండి, తెర మీద బొమ్మంతా గళ్ళు గళ్ళుగా విడిపోయి గోల్‌కీపర్ చేతులు ఒక మూల, బంతి ఇంకో మూల బిగుసుకుపోయి, కామెంటరీ టిక్కు టిక్కుమని ఆగిపోయేది, మళ్ళీ బొమ్మ వచ్చేసరికి ఆటగాళ్ళు కౌగిలించుకుంటూ ఉండేవాళ్ళు, ఎవరు కొట్టారో ఎలా కొట్టారో ఆ దేవుడికే తెలియాలి. నెలకి ఇంత అని తీసుకుని జనానికి వైరాగ్యం నేర్పించిన టీవీ సర్వీసు ఇంకోటి నాకు తెలీదు.

1999లో స్కై వాడు బాక్సు ఫ్రీ అన్నాడు, వీళ్ళూ ఫ్రీ అన్నారు. డబ్బు కట్టనివాళ్ళని కూడా నిరాశపరచలేదు, చానెళ్ళు తెరిచే కార్డుల కోడ్ బద్దలై దొంగ కార్డులు మార్కెట్ నిండా తిరిగాయి. కార్డు టెక్నాలజీ తయారుచేసిన ఫ్రెంచ్ కంపెనీ కనాల్ ప్లస్ వాళ్ళు ఆ కోడ్ పగలగొట్టింది మర్డోక్ గ్రూపులోని ఎన్‌డీఎస్ అనే కంపెనీయే అని 2002లో అమెరికాలో కేసు వేశారు, ఎన్‌డీఎస్ వాళ్ళు మాకేం సంబంధం అన్నారు, చివరికి కేసే వెనక్కి పోయింది.

అసలు మహాదానం 2000 జూన్‌లో జరిగింది. ప్రీమియర్ లీగ్ స్కై చేతిలో ఉంది కాబట్టి దాని కింద ఆడే 72 క్లబ్బుల ఫుట్‌బాల్ లీగ్ హక్కులు వీళ్ళు కొన్నారు, మూడేళ్ళకి 31.5 కోట్ల పౌండ్లు. చూసేవాళ్ళు ఎవరు, ఎంతమంది అని ఎవరూ అడగలేదు, ఆలు లేదు చూలు లేదు అన్నట్టు ముందే సంబరాలు. క్లబ్బులు ఆ రాబోయే డబ్బు చూసుకుని ఆటగాళ్ళకి పెద్ద పెద్ద జీతాలు రాసిచ్చేశాయి.

2001 జులైలో పేరు ఐటీవీ డిజిటల్ అని మార్చి, కమెడియన్ జానీ వెగాస్ పక్కన ఒక ఉన్ని కోతిబొమ్మని కూర్చోబెట్టి యాడ్స్ తీశారు. నిజం చెప్పాలంటే ఆ కోతి బ్రహ్మాండం. కనెక్షన్ తీసుకుంటే కోతిబొమ్మ ఫ్రీ, జనం ఆ బొమ్మల్ని ఈబేలో మంచి రేటుకి అమ్ముకున్నారు. నా ఉద్దేశంలో కంపెనీ మొత్తంలో డిమాండ్ ఉన్న సరుకు అదొక్కటే, దాన్ని మాత్రం ఊరికే పంచారు! (అన్నట్టు 2001 దాకా కార్ల్‌టన్‌లో కార్పొరేట్ వ్యవహారాలు చూసి, కంపెనీ మాట విలేకరులకి చెప్పిన పెద్దమనిషి పేరు డేవిడ్ కామెరాన్. తర్వాత ప్రధానమంత్రి అయి దేశాన్నే చూసుకున్నాడు. అది వేరే వ్యాసం.)

2002 మార్చి 27న చేతులెత్తేశారు. అప్పటికి చందాదారులు 12 లక్షల పైమాటే, లీగ్‌కి ఇంకా ఇవ్వాల్సింది 17.85 కోట్ల పౌండ్లు. అంతకుముందు 5 కోట్లు ఇస్తాం సర్దుకోండి అన్నారు, లీగ్ వాళ్ళు ఛీ పొమ్మన్నారు. బ్రాడ్‌ఫర్డ్, బార్న్స్‌లీ, లెస్టర్, ఇప్స్‌విచ్ క్లబ్బులు ఒకదాని వెనక ఒకటి దివాలా ప్రక్రియలోకి వెళ్ళాయి, అన్నిటికీ ఇదొక్కటే కారణం కాదులెండి, కానీ దీని పుణ్యం కూడా బోలెడు. హక్కులు మళ్ళీ అమ్మకానికి వస్తే కొన్నది ఎవరు? స్కై. నాలుగేళ్ళకి 9.5 కోట్లు. అదే ఏడాది అక్టోబర్‌లో వీళ్ళు ఖాళీ చేసిన జాగాలో చందా లేకుండా ఫ్రీవ్యూ మొదలైంది, బీబీసీతో పాటు అందులో భాగస్వామి ఎవరయ్యా అంటే, 1997లో గెంటించుకున్న ఆ బీస్కైబీనే. పాత కోతి బాక్సులు ఫ్రీవ్యూకి చక్కగా పనిచేశాయి కూడా.

లీగ్ మాత్రం దానాలకి కరగలేదు, కార్ల్‌టన్, గ్రనడాల మీద కోర్టుకెళ్ళింది. బిడ్ కాగితంలో వాటాదారులు మొత్తం నిధులకి హామీ అని రాసే ఉంది. అసలు ఒప్పందంలో ఆ ముక్క లేదు. 31.5 కోట్ల వ్యవహారంలో ఒక్క వాక్యం ఎగిరిపోయింది, 2002 ఆగస్టు 1న జడ్జి గారు హామీ లేదు పొమ్మన్నారు. అప్పుడు లీగ్ వాళ్ళు కడుపుమండి ఆ ఒప్పందం చూసిన తమ లాయర్ల మీదే కేసు వేశారు. 2006లో తీర్పు వచ్చింది, నష్టపరిహారం 4 పౌండ్లు. కోట్లు కాదు, లక్షలు కాదు, 4 పౌండ్లే. 72 క్లబ్బులకి పంచితే తలా ఐదున్నర పెన్నీలు వస్తాయి, ఆ అర పెన్నీ ఇద్దామన్నా బ్రిటన్‌లో ఆ నాణెం 1984లోనే రద్దయిపోయింది.