పిల్లల కథలకు పెద్దల కత్తెర ఎందుకు?

హ్యారీ పోటర్ ఏడు భాగాలూ ఊపిరి బిగబట్టి చదివినవాళ్లలో చాలామంది 'ద టేల్స్ ఆఫ్ బీడిల్ ద బార్డ్' జోలికి వెళ్లరు. ఆ సిరీస్‌లోని మాంత్రికుల లోకంలో బీడిల్ అనే కథకుడు పిల్లలకు చెప్పినట్టుగా రాసిన ఐదు పొట్టి కథలు, ప్రతి కథ వెనకా హాగ్వార్ట్స్ అనే మంత్రవిద్యల బడి హెడ్‌మాస్టర్ డంబుల్డోర్ వ్యాఖ్య. ఒక్క పూటలో అయిపోతుంది. హ్యారీ లేడు, చీపుర్లెక్కి ఆడే క్విడిచ్ ఆట లేదు. కానీ ఆ సిరీస్ మొత్తంలో పిల్లల తెలివిని ఎక్కువగా నమ్మిన పుస్తకం ఇదేనని నేనంటాను.

పేరున్న సిరీస్‌కి తోక తగిలించి సొమ్ము చేసుకున్నారనే విమర్శ ఉంది. అలాంటి అనుబంధ పుస్తకాలు బోలెడు వస్తున్నాయి కాబట్టి ఆ అనుమానం సహజమే. దీని కథ మాత్రం వేరు. హ్యారీ పోటర్ రచయిత్రి రౌలింగ్ చేత్తో రాసిన 7 ప్రతుల్లో ఆరింటిని కానుకగా ఇచ్చేశారు. ఏడోది 2007 డిసెంబరులో వేలానికి పెడితే 19.5 లక్షల పౌండ్లు పలికింది. ఆ డబ్బు పిల్లల సంక్షేమ సంస్థకే వెళ్లింది. 2008లో అచ్చేసిందీ ఆ సంస్థ కోసమే.

అసలు సంగతి 'ద వార్లాక్స్ హెయిరీ హార్ట్' కథలో ఉంది. ప్రేమలో పడితే చులకనైపోతానని ఒక మాంత్రికుడు తన గుండెను బయటికి తీసి, పెట్టెలో పెట్టి నేలమాళిగలో దాస్తాడు. ఏళ్ల తర్వాత, తాను పెళ్లాడాలనుకున్న అమ్మాయికి చూపిద్దామని పెట్టె తెరుస్తాడు. లోపలి గుండె ముడుచుకుపోయి, ఒళ్లంతా నల్లటి వెంట్రుకలతో ఉంటుంది. ఆమె బతిమాలితే తిరిగి ఒంట్లో పెట్టుకుంటాడు. ఆ తర్వాత అతిథులు వెతుక్కుంటూ వచ్చేసరికి ఆమె చచ్చిపడి ఉంటుంది, ఆమె గుండె అతని చేతిలో ఉంటుంది. కాసేపటికి అతనూ తన గుండెను కోసుకుని పోతాడు. ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుడి కథలు మనకు కొత్త కాదు. వాటిలో చివరికి రాకుమారి బతికి బయటపడుతుంది. ఇక్కడ ఆ ఊరట కూడా లేదు.

మరి ఇది పిల్లలకు చెప్పొచ్చా? చెప్పాల్సిందే. భయం ఎలా ఉంటుందో పిల్లలకు ముందే తెలుసు. కథ దానికొక రూపం ఇచ్చి, మొదలూ చివరా చూపిస్తుంది. పేజీ మూసేస్తే ఆగే భయం అది. "పిల్లల మనసు గాయపడుతుంది" అనే మాటలో సగానికి పైగా పెద్దవాళ్ల టెన్షనే.

ఈ విషయం రౌలింగ్‌కి బాగా తెలుసు. డంబుల్డోర్ వ్యాఖ్యల్లో బియాట్రిక్స్ బ్లాక్సమ్ అనే రచయిత్రి ప్రస్తావన వస్తుంది. బీడిల్ కథలు పసి మనసుల్ని పాడుచేస్తాయని ఆవిడ వాటికి పంచదార పాకం పట్టి తిరగరాసింది. అది చదివిన పిల్లలకు వాంతి వచ్చినంత పనైందట!

కత్తెర పట్టుకున్న మరో మనిషి లూషియస్ మాల్ఫాయ్, సిరీస్‌లో మాంత్రికుల రక్తం కలుషితం కాకూడదనే పెద్దమనిషి. 'ద ఫౌంటెన్ ఆఫ్ ఫెయిర్ ఫార్చ్యూన్' కథలో ఒక మంత్రగత్తె మంత్రశక్తి లేని మామూలు మనిషిని ప్రేమిస్తుంది. అలాంటి పెళ్లిళ్లు చూపించే పుస్తకాలేవీ హాగ్వార్ట్స్ లైబ్రరీలో ఉండకూడదని అతను ఉత్తరం రాస్తాడు. డంబుల్డోర్ ససేమిరా అంటాడు.

ఇది ఊహించి రాసిన గొడవేం కాదు. 2000-2009 మధ్య అమెరికాలో, లైబ్రరీల నుంచి తీసేయమని ఎక్కువ అభ్యంతరాలు వచ్చిన పుస్తకాల జాబితాలో మొదటి స్థానం హ్యారీ పోటర్ సిరీస్‌దే. మంత్రవిద్య నేర్పుతోందన్నది ఒక పెద్ద ఆరోపణ. అభ్యంతరం మంత్రవిద్య మీదా, పెళ్లి మీదా, చావు మీదా అన్నది ఊరికొక రకంగా మారుతుంది. అడిగేది మాత్రం ఎప్పుడూ ఒకటే: ఈ పుస్తకం పిల్లలకు కనబడకూడదు.

లూషియస్ అక్కడితో ఆగలేదు. తనను హెడ్‌మాస్టర్ పదవి నుంచి దింపడానికి అతను ఏళ్ల తరబడి చేసిన ప్రయత్నాలు ఆ కథ మీద జరిగిన ఉత్తరాలతోనే మొదలయ్యాయని డంబుల్డోర్ రాసిపెట్టాడు.