టీమ్ పుట్టింది చన్నీళ్ల దగ్గరే

వార్ సినిమా అనగానే మనోళ్లు క్లైమాక్స్ గురించే మాట్లాడతారు. మొన్న శనివారం బెంగళూరు మారతహళ్లిలోని మా పీజీలో రూమ్మేట్స్‌తో కలిసి 1967 నాటి ‘ది డర్టీ డజన్’ మళ్లీ చూశా, నన్నడిగితే ఆ సినిమా ప్రాణమంతా దాడికి ముందు జరిగే ట్రైనింగ్‌లోనే ఉంది.

కథ తెలిసిందేగా. రెండో ప్రపంచయుద్ధంలో డి-డేకి, అంటే మిత్రదళాలు ఫ్రాన్స్ తీరంలో దిగిన రోజుకి ముందు, ఉరిశిక్షలూ ఏళ్ల తరబడి జైలుశిక్షలూ పడ్డ పన్నెండుమంది అమెరికన్ సైనికుల్ని జర్మన్ల మీద దాడి కోసం మేజర్ రీస్‌మన్‌కి అప్పగిస్తారు. ఒకడంటే ఒకడికి పడదు. అలాంటిది ఒకరోజు వాళ్లలో ఫ్రాంకో అనేవాడు చన్నీళ్లతో గడ్డం గీసుకోనని మొండికేస్తాడు, చూస్తుండగానే మిగతావాళ్లంతా వాడి పక్కకి చేరిపోతారు, మేజర్ తగ్గకుండా సబ్బులూ రేజర్లూ లాగేసుకుంటాడు, ఆ మురికితోనే వాళ్లకా పేరొస్తుంది. పన్నెండుమందీ ఒక్కమాట మీదికొచ్చింది అక్కడే! ఆ తర్వాత దాడి ప్లాన్ మొత్తాన్ని 1 నుంచి 16 దాకా, మనం ఎక్కాలు అప్పజెప్పినట్టు, పాటలా బట్టీ పట్టిస్తాడు. మేజర్‌గా వేసిన లీ మార్విన్ నిజంగానే అమెరికా మెరీన్ దళంలో సైనికుడు, 1944లో పసిఫిక్‌లోని సైపాన్ దీవి యుద్ధంలో గాయపడ్డాడు, ఆ మొహంలో నటన కనిపించదంటే ఎందుకో అర్థమవుతుంది.

హింస ఎక్కువ, నేరస్తుల్ని హీరోల్ని చేశారు అంటారు కొందరు. బంకర్‌లో ఇరుక్కున్నవాళ్ల మీద పెట్రోలు పోసే సీన్ నాకూ మింగుడుపడదు, ఒప్పుకుంటా. కానీ దానివల్ల ట్రైనింగ్ సీన్లలోని నిజం తగ్గదు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, మా పీజీలో అనంతపురం, శ్రీకాకుళం, కరీంనగర్ వాళ్లం ఆరుగురం ఏడాదిపాటు ముఖాలు కూడా సరిగ్గా చూసుకోలేదు, 2024 మార్చిలో బోరు ఎండిపోయి రాత్రి పదకొండింటికి ట్యాంకర్ వస్తే మెట్ల మీద ఒకరి చేతిలోంచి ఒకరికి బకెట్లు అందించుకుంటూ మూడో ఫ్లోర్ దాకా ఎక్కించాం చూడండి, ఆ రాత్రి నుంచే కలిసి తింటున్నాం. ఆఫీసువాళ్లేమో రిసార్టుకి తీసుకెళ్లి తాడు లాగించి టీ షర్టులిచ్చి పంపుతారు, సోమవారానికి ఎవరి సీటు వాళ్లదే.

ఇదే ఊళ్లో హలసూరు చెరువు దగ్గర మద్రాస్ సాపర్స్ ఉన్నారు, 1780 నుంచి ఉన్న ఆర్మీ ఇంజనీర్ల దళం. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం మాట్లాడే కుర్రాళ్లు కలిసి పనిచేస్తారక్కడ. 2024లో వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడితే చూరల్‌మలలో 190 అడుగుల బెయిలీ వంతెన, అంటే రెడీమేడ్ ఉక్కు ప్యానెళ్లు బిగించి కట్టే వంతెన, కట్టింది వీళ్లే. ఆ వంతెన ప్యానెల్ ఒక్కోటి దాదాపు 260 కిలోలు, మోయాలంటే ఆరుగురు కావాలి. హెచ్‌ఆర్ వాళ్లని నేను అడిగేది ఇదే, ఈసారి రిసార్ట్ బుకింగ్ మానేసి ఆరుగురం పట్టుకుంటే తప్ప లేవని పని ఒకటి మా చేతికివ్వండి.